ట్యాంకులో మిగిలిన మందు

నాచు పెంచడం నేను సరదాగా మొదలుపెట్టాను. చచ్చిన నాచును బతికించింది మాత్రం కక్షతోనే. ఈ మాటంటే మా ఆయన ఇప్పటికీ నవ్వుతారు. "పాచి కోసం పగేంటే, ఎవరైనా వింటే నవ్విపోతారు" అంటారు. నవ్వనివ్వండి. పొలం గట్టు జానెడు జరిగిందని అన్నదమ్ములు మాటలు మానేసి, ఒకరి పెళ్ళికి ఒకరు వెళ్ళని ఊరు మాది. దాన్ని చూసి ఎవరికీ నవ్వు రాదు. నాచు అనేసరికి అందరికీ వస్తుంది.

గుంటూరుకి కాస్త దూరంలో, ఎటు చూసినా మిరప చేలే కనిపించే ఊరు మాది. పత్తి వేసేవాళ్ళూ ఉన్నారు కానీ మా అత్తవారిది మాత్రం మిరప ఇల్లు. కింద భాగంలో మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఆయన భార్య ఉంటారు. మేడ మీద మేము. కిందే, రోడ్డు వైపున్న ముందు గదిలో నా బ్యూటీ పార్లర్. మా ఆయన బొలేరో బండిలో మిరప టిక్కీలు, అంటే ఎండుకాయల బస్తాలు, గుంటూరు యార్డుకి తోలుతుంటారు. మామగారు పోయాక ఇంటికి పెద్ద బావగారే. ఆయన చెడ్డవాడని ఎవరూ అనరు, నేను కూడా అనను. కాకపోతే ఇంట్లో ఉన్నదేదైనా ఆయన చెయ్యి పెట్టడానికే ఉందని ఆయన నమ్మకం. నా కత్తెరతో వైరు కోస్తారు, నా టవల్‌తో బండి తుడుస్తారు, తర్వాత దాన్ని మడతపెట్టి మరీ పార్లర్ గుమ్మంలో పెడతారు.

నేను పుట్టింది మార్టూరు దగ్గర. నాన్న రాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఇంటి గడప మీద, తులసి ఆకుల మీద, కంచాల మీద కూడా తెల్లటి రాతి దుమ్ము ఉండేది. ఇక్కడికి వచ్చాక ఆ దుమ్ము పోయి ఎర్రటి ఘాటు వచ్చింది. కాయలు కోతకొచ్చిన దగ్గర్నుంచి డాబా మీదా వరండాలోనూ మిరపకాయలే. ఇంటికి వచ్చిన చుట్టాలు ముందు తుమ్ముతారు, తర్వాత కుశలం అడుగుతారు. తడిగా, చల్లగా, పచ్చగా ఉండేది నాకంటూ ఒకటి ఉండాలని ఎప్పటినుంచో కోరిక. అది తీరింది ఒక థర్మోకోల్ పెట్టెలో.

పార్లర్‌కి ఐబ్రోస్ చేయించుకోవడానికి వచ్చే ఒక డిగ్రీ అమ్మాయి ఓసారి ఫోన్‌లో వీడియో చూపించింది. ఎర్రటి చిన్న మొక్క, ఆకుల నిండా నూగు, ప్రతి నూగు చివరా మెరిసే జిగురు బొట్టు. ఈగ వచ్చి వాలింది, అంటుకుంది, ఆకు మెల్లగా దాని మీదికి వంగింది. పేరు సన్‌డ్యూ అట. నాకు తెగ నచ్చింది. కోపం తెచ్చుకోకుండా, అరవకుండా, ఉన్నచోటే ఉండి పని ముగించడం నాకు చేతకాని విద్య. వెంటనే ఆర్డర్ పెట్టించాను.

కొరియర్‌లో వచ్చిన డబ్బా తెరిస్తే మొక్క నా వేలి గోరంత ఉంది. దాని వేళ్ళకి చుట్టిన తడి నాచు మాత్రం గుప్పెడు ఉంది. పారేయబోయి, ఎందుకైనా మంచిదని అమ్మినాయనకి ఫోన్ చేశాను.

"అమ్మా, మొక్క పోతే ఇంకోటి పంపిస్తాను. ఆ నాచు మాత్రం పారెయ్యకండి. స్ఫాగ్నమ్ అంటారు దాన్ని. అది బతికిన చోటే ఈ మొక్క బతుకుతుంది" అన్నాడాయన.

ఈ మొక్కకి మన మట్టి పడదు, ఎరువు అసలే పడదు. తిండి ఆకులతో పట్టుకుంటుంది కాబట్టి వేళ్ళకి కావలసింది శుభ్రమైన తడి మాత్రమే. ఆ తడిని పట్టి ఉంచేది నాచు. మా బోరు నీళ్ళేమో గిన్నెల మీద తెల్ల చారలు కట్టే రకం. మొదట్లో తెలియక అవే పోశాను. నాచు కొసలు గోధుమరంగుకి తిరిగి, పైన ఉప్పు పొర కట్టింది. ఏ నీళ్ళు పొయ్యాలా అని తల పట్టుకుని పార్లర్ మెట్ల మీద కూర్చుంటే ఏసీ గొట్టం నుంచి చుక్క నెత్తిన పడింది. ఉప్పు లేని నీళ్ళు నా ఇంటి గోడకే కారిపోతున్నాయి! గొట్టం కింద బకెట్ పెట్టాను. వానలు మొదలయ్యాక మేడ మీద నీలం డ్రమ్ములు రెండు పెట్టి, చూరు నీళ్ళు పట్టాను.

కొత్తపట్నం నుంచి చేపలు తెచ్చే ఆవిడ దగ్గర ఐస్ పెట్టె ఒకటి అడిగి తీసుకున్నాను. థర్మోకోల్ కాబట్టి ఎండకి తొందరగా వేడెక్కదు. కాకపోతే సముద్రపు ఉప్పు ఉంటుందని దాన్ని కడిగీ కడిగీ, నాకు చేప కూర మీదే విరక్తి పుట్టింది. అందులో నాచు పరిచి, మధ్యలో మొక్క పెట్టి, పైన ఆకుపచ్చ నెట్ కప్పాను. ఎండలు ముదిరాక పెట్టెను పార్లర్‌లోకి, ఏసీ కిందికి మార్చేదాన్ని. వాతావరణం చల్లబడ్డాక మళ్ళీ మేడ మీదికి. ఏడాది తిరిగేసరికి నాచు పెట్టె నిండింది. మెత్తగా, లేత ఆకుపచ్చగా, పైన చెయ్యి పెడితే కుక్కపిల్ల వీపు నిమిరినట్టు ఉండేది. సన్‌డ్యూ పూలు పూసి, విత్తనాలు రాల్చి, పక్కన పిల్లలు లేపింది. ఫేషియల్ చేయించుకునే ఆడవాళ్ళు మొహానికి పూతతోనే లేచొచ్చి ఈగ పడిందా అని చూసేవాళ్ళు.

బావగారు మాత్రం ఎప్పుడూ దాని మొహం చూడలేదు. "కోడలు మేడ మీద పాచి పెంచుతోందంట, మనం బ్లీచింగ్ వేసి గీకేది" అని వరండాలో ఎవరితోనో అంటుంటే విన్నాను. నాతో అనలేదు. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బావగారు తమ్ముడి భార్యతో ఎదురుగా మాట్లాడరు. నాతో చెప్పాల్సింది గోడతోనో, దూలంతోనో, వాళ్ళావిడతోనో చెబుతారు. నేను కూడా ఆయనకి చెప్పాల్సింది మా తోడికోడలికి చెబుతాను. ఆవిణ్ణి అక్కా అంటాను. మా మధ్యలో పడి ఆవిడ నలిగిపోతుంటుంది పాపం.

ఇక మా వైపు ఇంకో అలవాటుంది. చేలో మందు కొట్టడం అయిపోయాక ట్యాంకులో కాస్తో కూస్తో మిగులుతుంది. దాన్ని పారబొయ్యరు. బండి మీద ఇంటికి తెచ్చి, పెరట్లో మల్లెకీ కరివేపాకుకీ జామచెట్టుకీ కొడతారు. ఏ మందైనా ఏ మొక్కకైనా మేలే చేస్తుందని లెక్క. ఆ రోజు మిగిలింది కాయకుళ్ళు మందు. రాగి కలిసిన మందు అది. అందులోనే తామరపురుగు మందు, చేను పచ్చగా ఉండాలని నీళ్ళలో కరిగే ఎరువు. అన్నీ ఒకే ట్యాంకులో కలపడం మా బావగారి ప్రత్యేకత.

నేను ఆ రోజు మా తమ్ముడి కూతురి ఓణీల ఫంక్షన్‌కి మార్టూరు వెళ్ళాను. మర్నాడు వచ్చి మేడ ఎక్కుతుంటే మెట్ల మీదే మందు కంపు కొట్టింది. నెట్ తీసి పక్కన పడేసి ఉంది. నాచు మీద నీలం, తెలుపు కలిసిన చుక్కలు. మొక్కల మీద ఒక్క జిగురు బొట్టు లేదు, ఆకులన్నీ ముడుచుకుని ఉన్నాయి. నాచు అప్పటికి ఇంకా పచ్చగానే ఉంది. అదే నన్ను మోసం చేసింది. కడిగితే బతుకుతుందనుకున్నాను. ఉన్న నీళ్ళన్నీ గుమ్మరించాను. రోజులు గడుస్తుంటే కొసలు నల్లబడ్డాయి, తర్వాత మొత్తం ఎండుగడ్డి రంగుకి తిరిగింది.

మందు కంపు కొట్టిన రోజే కిందికి దిగి, "అక్కా, మేడ మీద మందు ఎవరు కొట్టారు?" అని అడిగాను.

తోడికోడలు చీపురు ఆపి, "మీ బావగారేనమ్మా. ట్యాంకులో కాస్త మిగిలిందంట. పైన మొక్కకి పురుగు పట్టిందని కొట్టారు" అంది.

వరండాలో మంచం మీదున్న బావగారు దూలం వైపు చూస్తూ అందుకున్నారు. "మొక్క నిండా దోమలూ ఈగలూ అంటుకుని ఉంటే చూసీ చూడనట్టు పోవాలా? నేను కొట్టబట్టి సరిపోయింది. లేకపోతే ఆ చీడ మన చేను దాకా వచ్చిద్ది."

ఇంట్లో నవ్వనివాళ్ళు లేరు. మా ఆయన కూడా నవ్వు ఆపుకుంటూ కనపడ్డారు. సాయంత్రానికి టీ కొట్టు దాకా వెళ్ళింది కథ. పురుగుల కోసం మొక్కని పెంచే కోడలు, పురుగుల్ని చంపి ఇంటిని కాపాడిన బావగారు. పార్లర్‌కి వచ్చిన ఒకావిడ, "ఏమ్మా, మీ ఇంట్లో పురుగులకి కూడా ఫేషియల్ చేస్తావంటగా?" అంది. నేను ఆవిడ పైపెదవి మీద దారం కొంచెం గట్టిగానే లాగాను.

కోపం నషాళానికి అంటింది. అయినా ఎదురుగా ఒక్క మాట అనే వీల్లేదు. నాచు మొత్తం చచ్చిందని తేలిన రాత్రి అన్నం దగ్గర మా ఆయనతో అన్నాను. ఆయన పప్పు కలుపుకుంటూ, "పోనీలేవే. కావాలని చేశాడా ఏంటి? చూళ్ళేదంతే" అన్నారు.

నన్ను కాల్చింది ఆ మాటే. నిజంగానే కావాలని చెయ్యలేదు. నా మీద కోపంతో చేసుంటే అది నాదని తెలిసి చేసినట్టు. నెట్ కట్టి ఉంది, పెట్టె ఉంది, పక్కన నీళ్ళ డబ్బాలు ఉన్నాయి. ఒక మనిషి రోజూ వచ్చి కూర్చుంటోందని ఎవరికైనా తెలుస్తుంది. ఆయనకి మాత్రం అక్కడ మిగిలిన మందు పొయ్యడానికి ఒక చోటు కనపడింది. ఆ రాత్రే అనుకున్నాను. ఈ నాచు మళ్ళీ లేవాలి, దీన్ని ఆయన కళ్ళు తెరిచి చూడాలి, చూసి నాతో నోరు తెరిచి మాట్లాడాలి. దూలంతో కాదు, నాతో.

మర్నాడు పార్లర్ మూసి, చచ్చిన నాచునంతా బకెట్‌లో వేసి ఏసీ నీళ్ళతో కడిగాను. పిండి, మళ్ళీ కడిగాను. బట్టలు జాడించినట్టు జాడిస్తూ బావగారిని తిట్టుకున్నాను. పైనున్న మెత్తటి భాగమంతా కుళ్ళి చేతికంటుకుంది. అడుగున, మందు దిగని చోట, కొన్ని కాడలు ఎండినట్టు ఉన్నా విరిస్తే లోపల తెల్లగా గట్టిగా ఉన్నాయి. కనుబొమల వెంట్రుకలు తీసే ప్లకర్‌తో వాటిని ఒక్కొక్కటే ఏరాను. మార్టూరు ఫంక్షన్ నుంచి తెచ్చుకున్న పారదర్శకమైన మూతున్న స్వీట్ల డబ్బాని కడిగి అందులో పరిచాను. జుట్టు తడిపే స్ప్రే బాటిల్‌తో నీళ్ళు చిలకరించి, మూత పెట్టి, అద్దం పక్కన ట్యూబ్‌లైట్ కింద ఉంచాను.

ఆ తర్వాత చెయ్యాల్సిందల్లా ఎదురుచూడటం. అది నాకు బొత్తిగా రాదు. ముందు వచ్చింది బూజు. దూదిలా కమ్ముకున్న కాడల్ని తీసి పారేసి, మూతకి సూదితో చిల్లులు పొడిచాను. తర్వాత ఆకుపచ్చ జిగురు పట్టింది. పచ్చగా కనపడితే బతికిందని సంబరపడ్డాను. వేలితో తాకితే సాగింది. అది అసలైన పాచి, బావగారు బ్లీచింగ్ వేసే రకం. మళ్ళీ కడగడం, మళ్ళీ ఏరడం. కాడలు తగ్గిపోతున్నాయి. ఉన్నవి పిడికెడు కూడా లేవు. విసుగొచ్చి డబ్బా విసిరికొడదామని చేతిలోకి తీసుకునేసరికి వరండాలోంచి ఆయన దగ్గు వినపడేది. వెంటనే జాగ్రత్తగా కింద పెట్టేదాన్ని. ప్రేమ ఒక్కదాంతోనే అయితే ఎప్పుడో మానేసేదాన్ని.

ఈ లోపు ఎన్ని రకాలుగా పగ తీర్చుకోవచ్చో అన్నీ ఆలోచించాను. ఆయన మీసాలకి రంగు వేసుకునే డబ్బా మా పార్లర్‌దే. అందులో ఏదో ఒకటి కలపొచ్చు. ఆయన కొత్త చెప్పుల్లో గమ్ పొయ్యొచ్చు. పనులు చేసుకుంటూనే మనసులో కారాలూ మిరియాలూ నూరాను. ఏదీ సరిపోయినట్టు అనిపించలేదు. మీసం మళ్ళీ నెరుస్తుంది, చెప్పులు మళ్ళీ కొనుక్కుంటారు.

మిరపకాయలు కోసి, ఎండబెట్టి, టిక్కీలు యార్డుకి వెళ్ళిపోయాక, ఎండలు ముదిరే సమయంలో ఒక పొద్దున మూత తీసి చూస్తే గోధుమరంగు కాడ పక్కన ఆకుపచ్చ చుక్క. ఆవగింజ కన్నా చిన్నది. ప్లకర్ కొసతో కదిపాను, రాలేదు. పాచి కాదు, కాడలోంచే పుట్టిన మొలక. పక్క కాడకి ఇంకోటి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళతోనే అన్నాను, "దొరికావు బావగారూ" అని. అద్దంలో చూసుకుంటే నా నవ్వు నాకే మంచిగా అనిపించలేదు.

ఆ ఎండాకాలమంతా పార్లర్ ఏసీ కస్టమర్ల కన్నా నాచు కోసమే ఎక్కువ తిరిగింది. మొలకలు కాడలయ్యాయి, కాడలు కమ్ముకున్నాయి. తొలకరి జల్లులు రెండు గట్టిగా పడి నా డ్రమ్ములు నిండాయి. నాచును తిరిగి చేపల పెట్టెలోకి మార్చి మేడ మీద పెట్టాను. ఎప్పటి విత్తనాలో ఏమో, నాచు సందుల్లోంచి ఎర్రటి సన్‌డ్యూ పిల్లలు గుండుసూది తలల్లా లేచాయి.

తొలకరి మురిపించింది కానీ ఆ తర్వాత వాన మొహం చాటేసింది. కాలవకి నీళ్ళు వదల్లేదు. ఆ ఏడాది బావగారు నర్సరీలో నారు కొననని, తనే పెంచుతానని పంతం పట్టి పెరట్లో నెట్ కింద ట్రేలలో మంచి రకం గింజలు పెట్టారు. పొద్దున్నే లేచి ఆ ట్రేల ముందు గొంతుక్కూర్చుని, ఒక్కో మొక్కనీ చూసుకునేవారు. చేనంతా ఆ నారు మీదే ఆధారపడి ఉంది. బోరు అడుగంటింది, వచ్చే కాసిని నీళ్ళు నాలుక మీద వేసుకుంటే ఉప్పన. లేత నారుకి ఆకుల అంచులు మాడాయి, రంగు పాలిపోయింది. ఆయన ఆకలేసిందనుకుని ఎరువు నీళ్ళు పోశారు. ఇంకా మాడాయి. మేడ మీంచి నేను రోజూ చూస్తూనే ఉన్నాను. వాటికి పట్టింది ఉప్పు అని నాకు తెలుసు. నా నాచు మొదట అలాగే మాడింది. నేను దిగి చెప్పలేదు.

తోడికోడలు ఒక మధ్యాహ్నం మేడ మీదికి వచ్చింది. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, డ్రమ్ముల వైపు చూసింది.

"నీ వాన నీళ్ళు కాసిని ఇవ్వమ్మా. నారు చచ్చిపోయేట్టుంది."

"ఆయన అడగమన్నారా అక్కా?"

"ఆయన ఎందుకంటారు? నేనే వచ్చా."

"నాచుకి పొయ్యగా మిగిలితే ఇస్తాను" అన్నాను.

ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని దిగిపోయింది. ఆవిణ్ణి బాధపెట్టినందుకు బాధపడ్డాను, మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. సాయంత్రం మా ఆయన అందుకున్నారు. "ఇచ్చెయ్యవే. అది మనందరి తిండి."

"ఇవ్వనని ఎవరన్నారు? అడగమనండి."

"వదిన అడిగిందిగా!"

"నారు వదినది కాదుగా. కావాల్సినవాళ్ళే వచ్చి అడగాలి."

"వాడు నీతో ఎప్పుడైనా మాట్లాడాడా? పెద్దవాడు, ఎలా అడుగుతాడే?"

"నోటితో అడుగుతారు" అన్నాను.

రెండు పూటలు ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడో పూట మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. నేను నాచు మీద నీళ్ళు చిలకరిస్తున్నాను. లేచి నిలబడ్డాను, అది అలవాటు. బావగారు ఖాళీ బకెట్ పట్టుకుని చివరి మెట్టు మీద ఆగారు. చేపల పెట్టె వైపు చూశారు. చాలాసేపు చూశారు.

"ఇది చచ్చిపోయిందిగా" అన్నారు, గోడతో.

గోడ జవాబు చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

"నీళ్ళు కాసిని..." అని ఆగారు. అప్పటికీ గోడతోనే. నేను స్ప్రే బాటిల్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. కింద పెరట్లోంచి తోడికోడలు మెడ ఎత్తి చూస్తోంది. ఆయన తల తిప్పారు. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచి మొదటిసారి ఆయన కళ్ళు నా మొహం మీద ఆగాయి.

"అమ్మాయ్, డ్రమ్ములో నీళ్ళు ఓ బకెట్ పట్టుకెళ్ళనా?"

"పట్టుకెళ్ళండి బావగారూ. రేపటికి రేపు అడగండి" అన్నాను.

అలా వాన పడేదాకా రోజూ పొద్దున్నే ఆయన మెట్లెక్కి వచ్చి అడగడం, నేను తలూపడం. నారు తేరుకుంది. ఊళ్ళో కొందరు ముక్కున వేలేసుకున్నారు. నాకైతే ఆ రోజుల్లో కాఫీ కూడా ఎక్కువ రుచిగా ఉండేది. ఒక్కటే లోటు. ఆయన నీళ్ళు అడిగారు కానీ, ఆ మందు మాట ఎత్తలేదు. పెట్టె పక్కనే నిలబడి బకెట్ నింపుకునేవారు, ఆ మాట మాత్రం రాదు.

వానలు పడ్డాయి. ఆయన మేడ ఎక్కడం మానేశారు, మళ్ళీ దూలంతో మాట్లాడటం మొదలైంది. చేలో నాట్లు పూర్తయిన సాయంత్రం తోడికోడలు నారు కట్ట ఒకటి పట్టుకుని పైకి వచ్చింది. పచ్చగా, బలంగా ఉంది. నా నీళ్ళు తాగిన నారు.

"చేనంతా నాటగా ఇవి మిగిలాయంట. కుండీల్లో పెట్టుకుంటావేమోనని మీ బావగారు ఇమ్మన్నారు" అంది.

మిగిలాయంట! నా చెవుల్లో ఆ మాట చాలాసేపు తిరిగింది. ఆయన మంచి మనసుతోనే పంపారని నాకు తెలుసు. ఆ మందు కూడా మంచి మనసుతోనే కొట్టారు.

"ఇటివ్వక్కా" అని తీసుకుని, కట్ట విప్పకుండా పిట్టగోడ మీద పెట్టాను. కింద వరండాలో మంచం మీంచి చూస్తే సరిగ్గా కనపడే చోట. మర్నాడు ఎండ బాగా కాసింది. పొద్దున నాచుకి నీళ్ళు పోశాను. కట్ట పక్కనే నిలబడి పోశాను. మధ్యాహ్నానికి నారు తలలు వాల్చింది. బావగారు భోజనం చేసి మంచం మీద వాలి, మళ్ళీ లేచి కూర్చున్నారు. పైకి చూశారు, పక్కకి తిరిగారు, మళ్ళీ చూశారు. నారు ఎండిపోతుంటే చూస్తూ కూర్చోగలిగిన మనిషి కాదాయన. ఎవరి నారైనా సరే. అది నాకు ముందే తెలుసు.

చివరికి వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. దూలం లేదక్కడ, గోడ కూడా లేదు.

"అమ్మాయ్! ఆ నారు ఎండిపోతోంది!"

పిట్టగోడ మీంచి వంగి చూశాను. "అయ్యో, చూళ్ళేదు బావగారూ."

"ఎదురుగానే ఉందిగా!"

"ఉంది. కావాలని చెయ్యలేదు లెండి."

ఆయన పిట్టగోడ మీది కట్ట వైపు చూశారు. తలెత్తి నన్నే చూస్తున్నారు. ఎండకి కళ్ళు చికిలించుకుని, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని. భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు.

"ఆ రోజు ట్యాంకులో..." అన్నారు.

నేను ఆగాను. అందించలేదు, ఆపలేదు.

"నీ మొక్కలని చూళ్ళేదమ్మాయ్. తప్పే" అన్నారు. వెంటనే వెనక్కి తిరిగి, మంచం దగ్గరికి కూడా వెళ్ళకుండా, చెప్పులేసుకుని చేను వైపు వెళ్ళిపోయారు.

అప్పటికప్పుడు నీళ్ళలో పెడితే కట్టలో సగమైనా బతికేది. నేను పెట్టలేదు. తప్పన్నారు కదా, ఇంకా ఎందుకే అని మా ఆయన అడిగారు. నాచు లేవడానికి ఒక ఎండాకాలం పట్టింది, నాకు మాత్రం ఒక్క మాటతో తగ్గిపోవాలా అన్నాను.

ఆ తర్వాత ట్యాంకు ఎప్పుడూ మిగిలిన మందుతో ఇంటికి రాలేదు. చేలోనే కడిగేసి తెస్తున్నారని తోడికోడలు చెప్పింది. నాచు ఇప్పుడు రెండో పెట్టెలోకి పాకింది. ఎండిన ఆ నారు కట్టని నేను పారెయ్యలేదు. మేడ మెట్లు మొదలయ్యే చోట మేకుకి వేలాడదీశాను. వచ్చేపోయేవాళ్ళంతా దిష్టికి కట్టాననుకుంటారు. బావగారు మాత్రం దాన్ని చూసినప్పుడల్లా తల వంచుకుని వెళ్తారు.